నూట పద్దెనిమిదో సీసా

గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందుంది. బెంచీ మీద కూర్చోగానే ఆయన చేసిన మొదటి పని దాన్ని తన చేతి గడియారంతో సరిచూసుకోవడం, రెండో పని మనసులోనే ఆస్పత్రివాళ్ళకి నోటీసు రాయడం, మూడో పని ఆ నోటీసు చించెయ్యడం, ఎందుకంటే ఈ రోజు తను వచ్చింది ఇంకొకరి తప్పు పట్టుకోడానికి కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి దిగిపోయినవాడికి ఈ సంగతి ఒంటబట్టడం కష్టంగానే ఉంది. చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఉంది, ఊపిరి తీసుకున్నప్పుడల్లా గరగరమంటోంది. విషయం: మాత్రల మార్పిడి గురించి ఒప్పుకోలు. అయ్యా, దిగువ సంతకం చేసిన నేను. ఎవరికి ఏం రాసినా ఆయన చెయ్యి అలాగే మొదలుపెడుతుంది. పెళ్ళైన కొత్తలో పుట్టింటికి వెళ్ళిన భార్యకి రాసిన మొదటి ఉత్తరం కూడా విషయం: క్షేమ సమాచారం అనే మొదలైంది. ఆవిడ తిరుగు టపాలో, తమరి లేఖ అందినది, పరిశీలనలో ఉన్నది, అని రాసింది. నలభై రెండేళ్ళు పరిశీలనలోనే ఉంచింది. ఏ నిర్ణయమూ చెప్పకుండానే వెళ్ళిపోయింది.

టోకెన్ నంబరు ఏడు. లోపల ఐదో నంబరు ఉంది. ఆరో నంబరు పక్కనే కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గోడ మీది గుండె బొమ్మని కుట్టు సరిగా పడని కోటుని చూసినట్టు చూస్తున్నాడు. ఆయన టైలరు. ఈ గుండె మందు పరిశోధనలో ఇద్దరూ ఒకే వారం చేరారు, అప్పట్నుంచీ ఇదే బెంచీ మీద కలుస్తున్నారు. "నాది అసలు మాత్రేనండీ," అన్నాడు టైలరు, ఎవరూ అడక్కుండానే. "నా ఒళ్ళు నాకు తెలీదా? మెట్లెక్కుతున్నాను. మా కోడలు అరిచినా ఇదివరకట్లా దడ రావట్లేదు." ఈ బెంచీ మీద కూర్చున్న ప్రతివాడిదీ అసలు మాత్రే. గుండె బలహీనపడినవాళ్ళు రెండొందల నలభై మంది. రోజూ వేసుకునే మందులు అందరికీ మామూలే, పైన ఇంకొకటి, సగం మందికి కొత్త మందున్న మాత్ర, సగం మందికి అదే రంగు అదే సైజు అదే గీత ఉన్న ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్ళిందో మింగినవాళ్ళకి తెలీదు, ఇచ్చిన డాక్టరుకీ తెలీదు, సీసా మీద నంబరు తప్ప ఇంకేమీ ఉండదు, అంతా అయ్యాక ఒక రోజు పిలిచి కవరు విప్పి చెప్తామన్నారు. మాత్రలు ఆపేసిన పది నెలలకి ఆ రోజు వచ్చింది, ఇవాళే. లెక్క ప్రకారం ఈ బెంచీలో సగం ఉత్తుత్తివాళ్ళయి ఉండాలి, కానీ తను ఉత్తుత్తివాణ్ణని ఒప్పుకున్న మనిషిని ఆయన ఇంతవరకూ చూడలేదు, తనతోపాటే చేరిన భార్యని తప్ప. చేరిన రోజే అంది, "నాకు ఉత్తుత్తిదే వస్తుంది చూడండి. లక్కీ డ్రాలో నాకు ఎప్పుడైనా ఏదైనా వచ్చిందా?" అని. ఆ తర్వాత ఆయన్ని పైనుంచి కిందిదాకా ఓసారి చూసి, "ఒక్కటే ఒక్కటి వచ్చింది," అంది. అది మెచ్చుకోలో వెక్కిరింతో ఆయన అడగలేదు. అడిగి ఉండాల్సింది. అప్పుడు బస్సు వచ్చేసింది.

ఇద్దరి గుండెలూ ఒకే ఏడాది చెడ్డాయి, ముందు ఆయనది, ఐదు నెలల తర్వాత ఆవిడది. ఇంట్లో ఏది కొన్నా జతగా కొనడం ఆవిడకి అలవాటు, కప్పులు, దిండు గలేబులు, గొడుగులు. ఇది కూడా అలాగే తెచ్చుకుందని బావమరిది నవ్వించబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి తనే కాసేపు నవ్వుకుని వెళ్ళాడు. గుండె ఒక్కసారి ముడుచుకుంటే లోపలున్న రక్తంలో ఎంత బయటికి నెడుతుందో అదే పంపింగ్, మంచి గుండె అరవై శాతం నెడుతుంది, అని డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. ఆయనకి ముప్పై నాలుగు. ఆవిడకి ఇరవై ఎనిమిది. మర్నాటికల్లా అపార్ట్‌మెంట్లో అన్ని అంతస్తులకీ తెలిసింది. పిల్లల మార్కులు అడిగే వయసు దాటిపోయిన జనం పెద్దల పంపింగులు అడగడం మొదలుపెట్టారు. మూడో అంతస్తు హెడ్మాస్టరు తనది యాభై రెండని లిఫ్టు ఎక్కినప్పుడల్లా ఏదో ఒక వంకతో చెప్పేవాడు, ఎండలు ముదిరాయండీ అని మొదలుపెట్టినా యాభై రెండు దగ్గరే తేలేవాడు. "మావారికి ముప్పై నాలుగండీ, ఇంకాస్త చదివుంటే గట్టెక్కేవారు," అనేది ఆవిడ. తనది మాత్రం చెప్పేది కాదు. ఎందుకు చెప్పవే అంటే, "మొగుడి కంటే తక్కువొస్తే చెప్పుకోలేం, ఎక్కువొస్తే అసలే చెప్పుకోలేం," అంది. ఇప్పుడా లిఫ్టులో ఒక్కడే ఎక్కుతాడు. ఆరుగురు మనుషులు, నాలుగొందల ఎనిమిది కేజీలు, అని రేకు మీద రాసి ఉంటుంది. అంటే మనిషికి అరవై ఎనిమిది. ఆవిడ యాభై ఒకటి. తలుపులు మూసుకున్నాక లిఫ్టు ఆ యాభై ఒక్క కేజీలు తక్కువగానే పైకి లేస్తుంది, ఇంకెవరికీ తెలియదు, తూకాల్లో ముప్పై ఒక్క ఏళ్ళు బతికినవాడికి అరికాళ్ళలో తెలుస్తుంది.

కారిడార్లో తుడుపు కర్ర చప్పుడు. ఫినాయిల్ వాసన. తుడుస్తున్న మనిషి కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, దారి మధ్యలో బకెట్టు పెట్టి, ఫోన్లో ఎవరితోనో బియ్యంలో పురుగుల గురించి మాట్లాడుతోంది. ముప్పై మీటర్ల కారిడారు. ఈ చివర బెంచీ ముందు రోడ్డు పనుల దగ్గర పెట్టేలాంటి నారింజ రంగు ప్లాస్టిక్ టోపీ ఒకటి, ఆ చివర కిటికీ దగ్గర ఇంకొకటి. ఆరు నిమిషాల నడక పరీక్ష ఇక్కడే. ఆ టోపీల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిస్తే గుండె అంత గట్టిదని లెక్క. మొదటిసారి వచ్చినప్పుడే ఆయన సంచిలోంచి టేపు తీసి కారిడారు కొలిచాడు. ఇరవై తొమ్మిది మీటర్ల ఎనభై ఐదు. పదిహేను సెంటీమీటర్లు తక్కువ. ఆ సంగతి పరీక్ష చేసే సిస్టరుకి చెప్పాడు, రాసి కూడా ఇచ్చాడు. సిస్టరు ఆ రోజు నుంచీ ఆయన్ని బాబాయ్ గారూ అనీ ఆవిడని పిన్నిగారూ అనీ పిలవడం మొదలుపెట్టింది; వరస కలుపుకుంటే తప్ప భరించలేని మనుషులుంటారు. నడిపించే ముందు సిస్టరు ప్రతిసారీ ఒకే పాఠం అప్పజెప్పేది. పరిగెత్తకూడదు. మాట్లాడకూడదు. అలసటొస్తే ఆగొచ్చు, గోడకి ఆనుకోవచ్చు, కానీ మీరు ఆగినా గడియారం ఆగదు. ఆయన ఎప్పుడూ ఆగలేదు. పరిగెత్తకూడదన్నారు గానీ అంగలు పెద్దవి వెయ్యకూడదని ఎక్కడా రాయలేదు. మలుపు దగ్గర టోపీని రాసుకుంటూ తిరిగి పావు మీటరు మిగుల్చుకునేవాడు, కొలతల శాఖ ఉప్పు అన్నేళ్ళు తిన్నాక ఆమాత్రం కిటుకు తెలియకపోదు. మూడొందల యాభై మీటర్లు. ఆవిడ రెండొందల అరవై. ఆవిడ నడిచినన్నిసార్లూ కిటికీ దగ్గర ఆగేది. బెంచీ మీద కూర్చుని ఆయన అడుగులు లెక్కపెడుతుంటే ఆగిపోయేది, వీపు ఇటు పెట్టి, ఒక చెయ్యి చువ్వ మీద వేసి. అరవై సెకన్లు. డెబ్భై. ఏముందే అక్కడ, సైకిలు స్టాండూ నీళ్ళ ట్యాంకూ తప్ప, అని ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో సాధించేవాడు. "మీరు గెలిచారుగా, ఇంకేం," అనేది. వీధిలోనూ అంతే, ఆయన నాలుగడుగులు ముందు, ఆవిడ నాలుగడుగులు వెనక. ఏమండీ, మెల్లగా. నలభై రెండేళ్ళూ ఆ గొంతు వీపుకి తగిలేది, వెనక్కి తిరిగి చూడకుండానే వినేవాడు. ఇప్పుడు నడుస్తుంటే వీపు బోసిగా ఉంటుంది. మొన్న కూరగాయల బజారులో ఎవరో ఎవర్నో ఏమండీ అన్నారు. ఆయన ఆగాడు. చేతిలో సొరకాయతో అలాగే నిలబడ్డాడు, తూకం వేసేవాడు సార్, సార్, అని మూడుసార్లు పిలిచేదాకా.

మాత్రలు సర్దడం ఆయన డ్యూటీ. వంట ఆవిడది, బ్యాంకు ఆయనది, బంధువులు ఆవిడ, మాత్రలు ఆయన. ఏడు మూతల ప్లాస్టిక్ పెట్టెలు రెండు, ఆయనది తెలుపు, ఆవిడది నీలం. ఆదివారం పొద్దున్నే బల్ల మీద పేపరు పరిచి, చేతులు కడుక్కుని, కోర్టులో సాక్ష్యం పెట్టినట్టు పెట్టేవాడు. నూట పదిహేడు నంబరు సీసా ఆయనది, నూట పద్దెనిమిది ఆవిడది. మూడు నెలలయ్యేసరికి ఆయన కాళ్ళ వాపు తగ్గింది, నడక నలభై మీటర్లు పెరిగి మూడొందల తొంభై అయింది. ఆవిడది ఇరవై తగ్గింది. ఇన్‌స్పెక్టరు బుర్ర ఊరుకుంటుందా. రిటైరైనప్పుడు ఆఫీసువాళ్ళు ఇచ్చిన చిన్న ఇత్తడి త్రాసు అల్మరాలోంచి దించి, పది మాత్రలు ఈ పళ్ళెంలో, పది ఆ పళ్ళెంలో వేశాడు. ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది. ముల్లు చెప్పలేదు కాబట్టి నాలుకని అడిగాడు. తన మాత్ర నాకాడు, చేదు. ఆవిడది నాకాడు, అదీ చేదే గానీ కాస్త తక్కువ. నీళ్ళు పుక్కిలించి మళ్ళీ నాకాడు, ఈసారి ఆవిడదే చేదు. మూడోసారి నాకుతుండగా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. "ఏం చేస్తున్నారు?" "నాణ్యత పరిశీలిస్తున్నాను." "ఆకలేస్తే చెప్పండి, ఏదైనా పెడతాను," అని లోపలికి వెళ్ళిపోయింది. త్రాసూ నాలుకా చెప్పని సంగతి కాళ్ళు చెప్పాయని ఆయన తీర్మానించాడు: తనది అసలుది, ఆవిడది ఉత్తుత్తిది. కాళ్ళ వాపు ఎందుకు తగ్గిందో తెలియడానికి ఇంకా ఏడాది పట్టింది. ఆవిడ పోయాక, వంటగది అలమర తలుపు లోపలి వైపు అతికించిన చీటీ కనిపించింది. ఈయనకి ఉప్పు సగమే, నిమ్మకాయ పిండాలి, చెప్పకూడదు.

డాక్టరుని అడిగి ఉండొచ్చు. అడిగితే ఇద్దర్నీ పంపించేస్తారు, అప్పుడు ఉన్న ఒక్క అసలు మాత్రా పోతుంది. అందుకని నాలుగో నెల మొదటి ఆదివారం, బాల్కనీలో బట్టలు తీసుకురా అని ఆవిడని పంపించి, నూట పదిహేడులోవి నీలం పెట్టెలో, నూట పద్దెనిమిదిలోవి తెల్ల పెట్టెలో వేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని మోసాలు పట్టాడు, పళ్ళెం కింద అయస్కాంతం, అడుగున బోలు తొలిచిన రాయి, సొట్ట పెట్టిన లీటరు డబ్బా. అన్నిటికంటే గట్టిది, తూకం సరిగ్గా ఉండి సరుకు మారిపోవడం. కాటా కరెక్టు, రాళ్ళు కరెక్టు, సీలు కరెక్టు, కొన్నవాడి సంచిలోకి వెళ్ళింది మాత్రం వేరేది. దాన్ని ఏ రూలు కింద పట్టుకోవాలో శాఖకి చివరిదాకా తేలలేదు. నెలకోసారి సిస్టరు రెండు సీసాలూ ట్రేలో ఒంపి మిగిలినవి లెక్కపెట్టేది. ఇందులో రెండు మిగలాలి, రెండే మిగిలాయి. అందులో రెండు మిగలాలి, రెండే. "మీ ఇద్దరి క్రమశిక్షణ ఇంకెవరికీ లేదు బాబాయ్ గారూ." ఆవిడ ఆయన వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు ఆయన లెక్కలోకి తీసుకోలేదు. పక్కనే ఆవిడ రోజువారీ పుస్తకం, సిస్టరు ఇద్దరికీ ఇచ్చిన పొడుగాటి నోట్‌బుక్కు, రోజూ బరువు, వాపు, మాత్ర వేసుకున్నారా లేదా, చివర్లో ఇతర విశేషాలు అని ఒక గడి. ఆయన ఆ గడిలో రోజూ నిల్ అని రాసేవాడు. ఆవిడ ఏదో రాస్తూనే ఉండేది, అన్నం తిన్నాక, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని. ఆవిడ పోయాక ఆ పుస్తకాన్ని రబ్బరు బ్యాండు వేసి సిస్టరుకి ఇచ్చేశాడు, తెరవకుండానే. ఇంకొకరి రిజిస్టరు అనుమతి లేకుండా తెరవడం నిబంధనలకి విరుద్ధం అనుకున్నాడు. నిజానికి అట్ట మీద ఆవిడ చేతిరాత చూడగానే పుస్తకం బోర్లా పెట్టేశాడు.

ఆ పన్నెండు నెలలూ ఆవిడ బాగుపడుతోందనే చూశాడు, చూడాలనుకున్నాడు గనక కనిపించింది. నయంగా ఉందా? ఉందండీ. మెట్లెక్కావా? ఎక్కానండీ. రెండుసార్లు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆస్పత్రిలో పెట్టారు, రెండుసార్లూ నీలం పెట్టె ఆయనే మోసుకెళ్ళాడు, ఎవరి చేతికీ ఇవ్వకుండా. పదహారో నెల, మంగళవారం, మధ్యాహ్నం. పంచదార ప్యాకెట్టులో ఇరవై గ్రాములు తక్కువొచ్చిందని కొట్టుకి వెళ్ళాడు. "ఇంత ఎండలో ఇప్పుడెందుకండీ, ఇరవై గ్రాములకి," అంది ఆవిడ, పేపర్లో పదాల గళ్ళు నింపుకుంటూ. "ఇరవై గ్రాములు కాదే, పద్ధతి," అన్నాడు. గుమ్మం దాటిన మనిషితో ఆవిడ ఆఖరి మాట ఇరవై గ్రాముల గురించి, ఆయన ఆఖరి మాట పద్ధతి గురించి. కొట్టువాడు గంటసేపు వాదించి, చివరికి క్షమాపణ చెప్పి, ఇంకో ప్యాకెట్టు తూచి ఇచ్చి, పైన బిస్కెట్ల పొట్లం పెట్టాడు. గుమ్మంలోంచే కేకేశాడు, ఒప్పుకున్నాడే! ఆవిడ కుర్చీలోనే ఉంది, పెన్సిలు చేతిలోనే ఉంది, ఫ్యాను గాలికి పేపరు లేస్తోంది, పడుతోంది. ఒప్పుకున్నాడు, అని రెండోసారి కూడా చెప్పాడు. ఆ బిస్కెట్ల పొట్లం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. తేదీ దాటి ఆరు నెలలైంది. తేదీ దాటిన సరుకు అమ్మకానికి పెట్టినందుకు ఆయన ఎన్ని కొట్లు మూయించాడో. ఆవిడ పోయిన నెలకి స్కాను తీసి, నలభై ఒకటి, అన్నాడు డాక్టరు, ముప్పై నాలుగు నుంచి నలభై ఒకటి, అద్భుతం అండీ, అని భుజం తట్టాడు. ఇవాళ పొద్దున తీసినదీ నలభై ఒకటే. హెడ్మాస్టరు లిఫ్టులో చెయ్యి కలిపాడు. ఎవరు అభినందించినా ఆయనకి ఒకటే వినిపిస్తోంది, ఉత్తుత్తి మాత్ర మింగినవాడి గుండె ఏడు శాతం ఎలా పెరిగిందిరా? తనది అసలుదై, ఆవిడకి ఇచ్చాక కూడా ఆవిడ పోయిందంటే, సరే, ఏడవొచ్చు. ఆవిడది అసలుదై ఉంటే? అప్పుడు ఏడాదిపాటు ప్రతి ఆదివారం, చేతులు కడుక్కుని మరీ, ఆవిడ నోటి దగ్గర మందు లాక్కుని తనే తిన్నట్టు.

"ఆరో నంబరు!" అని లోపల్నుంచి పిలుపు. టైలరు లేచి చొక్కా సర్దుకుని వెళ్ళాడు, ఐదు నిమిషాలకి బయటికొచ్చాడు. మొహం ఎవరో కొలతలు తప్పు చెప్పినట్టుంది.

"ఏమైందండీ?" అన్నాడు ఆయన.

"ఉత్తుత్తిదంట." టైలరు కాసేపు గుండె బొమ్మ వైపు చూశాడు. "పద్దెనిమిది నెలలు సున్నం బిళ్ళలు మింగానండీ. ఇంట్లో మా కోడలికి ఏమని చెప్పాలి?"

"చెప్పకండి."

"అదేనండీ. అయినా ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ సున్నం బాగా పనిచేసిందండీ. ఇంకో నెలకి ఇస్తారేమోనని అడిగాను. లేదన్నారు." టైలరు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మీది అసలుదే అయ్యుంటుంది. మిమ్మల్ని చూస్తేనే తెలుస్తోంది."

ఆయన లేచాడు. జేబులో కాగితం గరగరమంది.

"రండి బాబాయ్ గారూ," అంది సిస్టరు. "కారిడారు ఇంకా తడిగా ఉంది, జారతారు. ముందు కవర్ల సంగతి చూసేద్దాం, నడక తర్వాత." బల్ల మీద రెండు కవర్లు పక్కపక్కన ఉన్నాయి. ఆయన కూర్చోలేదు. కాగితం తీసి రెండు చేతులతో అందించాడు. సిస్టరు విప్పింది, మొదటి రెండు లైన్లు చదివింది, మళ్ళీ అవే మడతల మీద మడిచి ఆయన వైపే పెట్టింది.

"తెలుసు బాబాయ్ గారూ."

"ఏం తెలుసు?"

"మీరు మార్చారని. పిన్నిగారు రాశారు. పుస్తకంలో." సిస్టరు ఆయన్ని కూర్చోబెట్టింది. "కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు చూశాం. అప్పటికే పిన్నిగారు పోయి రెండు నెలలు. డాక్టరు గారికి చూపించాను. ఆయన చదివి, కళ్ళజోడు తుడుచుకుని, ఇప్పుడు ఈయన్ని ఏమీ అడక్కండి అన్నారు."

"మా లెక్క కొట్టేశారా?"

"ఎవరిదీ కొట్టెయ్యరు. మొదట ఏ సీసా ఇచ్చామో ఆ లెక్కలోనే ఉంచుతారు. పక్కన చిన్న గుర్తు పెడతారు. అంతమందిలో ఆ గుర్తున్నది మీ ఇద్దరికే."

కవరు ఆయనే విప్పాడు. సోదాలో దొరికిన సరుకు పట్టీ చదివినట్టు పైకి చదివాడు. నూట పదిహేడు, ఉత్తుత్తి మాత్ర. రెండోది విప్పడానికి చింపేచోటు కనిపించలేదు, సిస్టరు కత్తెర ఇచ్చింది. నూట పద్దెనిమిది, అసలు మాత్ర. ఇంకోసారి చదివాడు. నంబర్లు మారలేదు.

"బాబాయ్ గారూ, వినండి. ఆ మందు వల్ల చావులేం తగ్గలేదు. రెండు వైపులా ఇంచుమించు ఒకటే. ఆస్పత్రిలో చేరడాలు కాస్త తగ్గాయి, కొంతమందికి పంపింగ్ కాస్త పెరిగింది, అంతే. మీ వల్ల ఏదో అయిపోయిందని..."

"కాస్త అంటే ఎంతమ్మా?"

సిస్టరు బల్ల మీది కాగితం తిరగేసింది. "ఉత్తుత్తిది తిన్న నూట ఇరవై మందిలో ముప్పై మంది చేరారు. అసలుది తిన్న నూట ఇరవైలో ఇరవై ఇద్దరు."

ఎనిమిది మంది. నూట ఇరవైలో ఎనిమిది మంది ఆస్పత్రి గడప ఎక్కకుండా మిగిలారు, ఆ ఎనిమిదిలో ఆవిడ ఉండేదో లేదో తూచే త్రాసు ఎక్కడుంది, ఏ శాఖ సీలు వేసి ఇస్తుంది. పరిశోధన లెక్కల్లో మాత్రం ఆవిడ అసలు మందు తిని రెండుసార్లు ఆస్పత్రిలో చేరి చనిపోయింది, ఆయన సున్నం బిళ్ళలు తిని ఏడు శాతం బాగుపడ్డాడు. లోకానికి ఆ మందు గురించి తెలిసినదాంట్లో వెంట్రుకవాసి అబద్ధం తమ ఇద్దరిది. మొగుడూ పెళ్ళాల వ్యవహారం ఇంత దూరం పోతుందని ఎవరనుకున్నారు. నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఇంకేదో అయింది. సిస్టరు నీళ్ళ గ్లాసు జరిపింది, తర్వాత ఒక కాగితాల కట్ట. "అసలు పుస్తకం మేం ఉంచుకోవాలి, రూలు. ఇవి జిరాక్సులు. మీరు అడిగితే ఇద్దామని ఎప్పుడో తీసిపెట్టాను. మీరు అడగలేదు."

ఆవిడ అక్షరాలు కుడి వైపుకి వాలి ఉంటాయి, నడుస్తూ రాసినట్టు. బరువు యాభై ఒకటి. వాపు కాస్త. మాత్ర వేసుకున్నాను. ఇతర విశేషాలు: ఈయన మాత్రలు నాకుతున్నారు. కింద ఇంకో ఆదివారం. ఇతర విశేషాలు: ఈయన మాత్రలు మార్చేశారు. బట్టలు తెమ్మని నన్ను బాల్కనీలోకి తోలారు. బట్టలు ఆరెయ్యనే లేదు. కాసేపు ఊరికే నిలబడి వచ్చాను. ఇంకో ఆదివారం. మళ్ళీ మార్చారు. అడుగుదామనుకున్నాను. మొహం చూస్తే మొదటి జీతం తెచ్చి చేతిలో పెట్టినవాడిలా ఉన్నారు. అడగలేదు. ఇంకో ఆదివారం, ఇక్కడ అక్షరాలు కాస్త పెద్దవి. నావి ఆయన వేసుకుంటున్నారు. నావే అసలువైతే బావుణ్ణు. దేవుడా, ఈ ఒక్కసారి లక్కీ డ్రా నాకు రానీ. ఆ తర్వాత వారం వారం ఒకటే మాట, మార్చారు, మార్చారు, మార్చారు, బజారు చీటీలో ఉప్పూ పప్పూ రాసినట్టు. మధ్యలో నడక పరీక్ష జరిగిన రోజుది ఒకటి. కిటికీ దగ్గర ఆగాను. ఆయాసమా అని సిస్టరు అడిగితే అవునన్నాను. అక్కడ కిటికీ రెక్క అద్దంలో బెంచీ మీద కూర్చున్న ఈయన కనిపిస్తారు. పెదాలు కదుపుతూ నా అడుగులే లెక్కపెడుతుంటారు. ఇంట్లో నన్ను అంతసేపు చూడరు. అందుకని కాసేపు ఆగాను.

ఆయన ఆ కాగితాన్ని మళ్ళీ కట్టలో పెట్టాడు. తర్వాత కట్ట అంచులు బల్ల మీద తట్టి సమంగా చేశాడు, అలవాటు. చొక్కా మీదుగా ఎడమ వైపు చెయ్యి పెట్టి చూసుకున్నాడు. కొట్టుకుంటోంది. నలభై ఒకటిలో ముప్పై నాలుగు తనవి. మిగిలిన ఏడూ ఆవిడకి తగిలిన లాటరీ.

"కారిడారు ఆరింది," అంది సిస్టరు, తలుపు దగ్గర్నుంచి. "నడుస్తారా? వద్దంటే ఇంకో రోజు పెట్టుకుందాం."

"నడుస్తానమ్మా."

బెంచీ మీద సంచీ, సంచీ మీద కాగితాల కట్టా పెట్టి, టోపీ దగ్గర నిలబడ్డాడు. సిస్టరు పాఠం అప్పజెప్పింది, పరిగెత్తకూడదు, మాట్లాడకూడదు, అలసటొస్తే ఆగొచ్చు. ఆ తర్వాతి ముక్క చెప్పకుండా గడియారం నొక్కింది. ఆయన మామూలు అంగలే వేశాడు. మలుపు దగ్గర టోపీని రాసుకోలేదు, చుట్టూ తిరిగాడు, పావు మీటరు ఆస్పత్రికే వదిలేశాడు. ఒకసారి వెళ్ళి వచ్చాడు. రెండోసారి కిటికీ దాకా వెళ్ళి ఆగాడు. ఊపిరి బాగానే ఆడుతోంది, కాళ్ళు బాగానే ఉన్నాయి, గుండె ఏ లోటూ లేకుండా నెడుతోంది. చువ్వ మీద చెయ్యి వేశాడు. రంగు ఒక్కచోట అరిగి ఉంది, చెయ్యి పట్టేంత మేర. కింద సైకిలు స్టాండు, నీళ్ళ ట్యాంకు. రెక్క అద్దంలో వెనక కారిడారంతా చిన్నగా, దూరంగా, ఆ చివర బెంచీ. బెంచీ మీద సంచీ. తను లేడు. తను ఇక్కడున్నాడు కదా. ఆవిడ చూసినంత చూడ్డానికి ఎంతసేపు కావాలో తెలియలేదు. అరవై సెకన్లయింది, డెబ్భై అయింది, వెనక నుంచి ఎవరైనా పిలుస్తారేమోనని వీపు ఎదురుచూసింది, ఎవరూ పిలవలేదు, ఆయన కదల్లేదు.

ఆరు నిమిషాలూ అయ్యాయి. తొంభై మీటర్లు; ఆ పరిశోధన మొత్తంలో ఎవరూ అంత తక్కువ నడవలేదు. సిస్టరు కాగితం మీద, ఎందుకు ఆగారు అన్నచోట ఆయాసం, ఛాతీ నొప్పి, కాళ్ళు పట్టెయ్యడం అన్న గళ్ళు దాటుకుంటూ కిందికి వచ్చి, ఇతరం అన్న గడిలో టిక్కు పెట్టింది.